గోడలమ్మ తోడికోడలు

మా ప్రయోగశాలలో ఆవిడను అందరూ గోడలమ్మ అంటారు. బ్యాక్టీరియా చుట్టూ ఒక గోడ ఉంటుంది. కొన్ని ప్రోటీన్లు తమలోని ఒక ముక్కతో ఆ గోడను పట్టుకుంటాయి. ఆ ముక్క ఎలా మడతపడిందో, గోడలో దేన్ని పట్టుకుంటుందో చూసి కుటుంబాలుగా విడదీయడం ఆవిడ పని. ఒక రకం గోడలోని చక్కెర గొలుసును పట్టుకుంటుంది, ఇంకో రకం ఆ గొలుసులను కలిపే వంతెనను. వాటి చుట్టరికాలు అడిగితే ఆవిడ పెళ్ళిళ్ళ పేరయ్యలా ఆగకుండా చెబుతుంది.

మనుషులతో మాత్రం అంటీముట్టనట్టు ఉండేది. సెలవు రోజున కూడా వచ్చి, ఫ్రిజ్‌ల హోరు వింటూ ఒక్కతే డబ్బా విప్పుకుని తినేది. పక్క బల్ల దగ్గర పనిచేసే నాకు జాలీ వేసేది, ఒళ్ళూ మండేది. పలకరిస్తే పలకాలి కదా మనిషి!

ఒకసారి ఆవిడకు ఏ కుటుంబంలోనూ ఇమడని ముక్క దొరికింది. దానికి పచ్చగా మెరిసే ప్రోటీన్ తగిలించి, బ్యాక్టీరియాతో కలిపి, ఎంత కడిగినా ఆ మెరుపు గోడను వదల్లేదు. అయితే ఒంటరి ముక్కను మావాళ్ళు కుటుంబం అనరు. బంధువు ఒకటైనా కనబడాలి. అప్పుడే వేరే ఊరి ప్రయోగశాల నుంచి ఒకామె ఫోన్ చేసింది. అలాంటి ముక్కే తన బ్యాక్టీరియాలోనూ ఉందట. గోడలమ్మ చేతులకు గ్లవ్స్ ఉండటంతో స్పీకర్ పెట్టింది.

“మీ పిల్లా మా పిల్లా ఒకింటివాళ్ళయితే మనం తోడికోడళ్ళమే కదక్కా!”

గోడలమ్మ పకపకా నవ్వింది. అప్పటినుంచి ప్రతి గురువారం ఫోన్ వచ్చేది. ఆ రోజు ఆవిడ తల నున్నగా దువ్వుకుని వచ్చేది, ఫోన్‌లో తల కనబడదని తెలిసి కూడా.

ప్రోటీన్‌ను శుద్ధి చేయడానికి దాని చివర చిన్న ట్యాగ్ తగిలిస్తాం. మేమంతా దాన్ని తోక అంటాం. అలవాటైపోయి అది ఉందన్న సంగతే మరిచిపోతాం. ముక్క లేకపోతే గోడకు అంటదని చూడటానికి పోలికకు వాడిన ఉత్త మెరుపు ప్రోటీన్‌కు ఆ తోక లేదని ఆవిడకు ఆలస్యంగా తట్టింది. ముక్కకున్న తోక కోసి మళ్ళీ చూసింది. మెరుపంతా కడిగిన నీళ్ళతో పోయింది. ఇన్నాళ్ళూ గోడను పట్టుకున్నది తోకే.

“చెబితే ఇంకెందుకు చేస్తుంది ఫోను?” అని నన్ను అడిగింది.

“కొన్నాళ్ళు నోరు మెదపకండి,” అన్నాను. నన్ను కొరకొరా చూసింది.

గురువారం ఫోన్ రాగానే, “తోక తీస్తే మాది అంటుకోవట్లేదండీ,” అని చెప్పేసింది.

“మాదీ అంతే అక్కా. పోయిన నెలే చూశాను.”

“చూసి చెప్పలేదా?”

“చెబితే మీరు మళ్ళీ మాట్లాడరని...”

గోడలమ్మకు కోపం నషాళానికంటింది. “లేని కుటుంబాన్ని ఉందని రాసుకుంటామా?” అని ఫోన్ పెట్టేసింది. తన జాబితాలో ఆ ముక్కను కుటుంబం తేలనివాటిలోకి మార్చేసింది.

తర్వాతి గురువారం ఫోన్ మోగలేదు. ఆవిడ గ్లవ్స్ తొడుక్కుంది, తీసింది, మళ్ళీ తొడుక్కుంది. పని ఒక్కటీ ముందుకు సాగలేదు. చివరికి తనే చేసింది. అవతల వెంటనే ఎత్తారు. తీరా ఎత్తాక మాట్లాడుకోవడానికి ఇప్పుడు ఆ ముక్క లేదు.

“మీ ఇంట్లో ఎవరెవరుంటారు?” అని అడిగింది గోడలమ్మ.

“ఎవరూ ఉండరక్కా. మీ ఇంట్లో?”

“నేనుంటాను,” అంది గోడలమ్మ.