బొటనవేలి కింది బటన్

బోధన్ బజారులో దుకాణాల బోర్డులు నిలబడి చదివేవాళ్లు తక్కువ. నాకా రోగం ఉంది. ఊరూరా తిరిగేవాడికి బస్సు ఆలస్యమైనప్పుడల్లా బోర్డులే పుస్తకాలు. తెలుగు ఎడమ దిక్కు నుంచి నడిచొస్తుంది, ఉర్దూ కుడి దిక్కు నుంచి నడిచొస్తుంది, రెండూ నడుమ ఫోన్ నంబరు దగ్గర కలుసుకుంటాయి. ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను, ఎదురుపడ్డ చోట ఎన్నడూ కొట్లాడలేదు. ఒక్కసారి మాత్రం చిన్న పేచీ వచ్చింది. అది బోర్డు మీద కాదు, ఫోన్ మీద.

అల్ఫియాకు ఇరవై ఆరేళ్లు. తండ్రి ఖుద్దూస్ వడ్రంగి. కింద ఆయన మంచాలు, తలుపులు చేస్తుంటే మీది గదిలో ఈమె వెబ్‌సైట్లు చేస్తుంది. పనంతా ఒక లైబ్రరీ ఆధారంగా. పేరుకే లైబ్రరీ, అందులో పుస్తకాలుండవు, ముక్కలుంటాయి: ఒత్తే బటన్, పేరు రాసే గడి, తేదీల పట్టిక, అవునా కాదా అని అడిగే పెట్టె. ఎక్కడెక్కడి పనివాళ్లో చెక్కి, నునుపు చేసి అందరి కోసం ఊరికే పెట్టినవి. తెచ్చుకుని బిగించుకోవచ్చు. ఒక ముక్కను ఒక్కచోట మారిస్తే అది వాడిన ప్రతి పేజీలోనూ మారుతుంది.

ఖుద్దూస్‌కు ఇది మింగుడుపడలేదు. వాళ్లు మాట్లాడుకున్నది ఉర్దూలో, నాకు చేతనైన తెలుగులో చెప్తున్నాను.

"మంచంకోళ్లు ఒకడు చేసి పంపుతడు, పట్టెలు ఇంకొకడు కోసి పంపుతడు. నువ్వు బిగిస్తవ్. గిందుల నీ పనేముంది బేటీ?"

"మీరు మేకులు ఇంట్ల చేస్తున్నరా అబ్బాజాన్? బజార్ల కొనుక్కొస్తలేరా?"

"మేకు వేరు."

"ఎట్ల వేరు?"

ఖుద్దూస్ వంగి మళ్లీ చిత్రిక పట్టడంలో పడ్డాడు. కొయ్యపొట్టు మాత్రం బాగా రాలింది.

ఆమె మొదటి పెద్ద పని కంఠేశ్వర్‌లో ఒక దవాఖానకు టోకెన్ల పేజీ. తెలుగు, ఉర్దూ రెండూ పెట్టింది. ఉర్దూ ఎంచుకోగానే పేజీ మొత్తం కుడి నుంచి ఎడమకు తిరిగిపోతుంది. కుడివైపు బటన్ ఎడమకు, ఎడమవైపుది కుడికి. ఆ ఏర్పాటు లైబ్రరీలోనే ఉంది, ఆమె కష్టపడింది లేదు, అయినా చూసుకుని మురిసిపోయింది. మోకాళ్ల నొప్పికి అక్కడికొచ్చిన ఆత్మారాం దాన్ని చూశాడు. ఆయనది ఏర్గట్ల. అక్కడి పసుపు బాయిలర్ల సంఘానికి పెద్ద. తవ్విన పసుపును నాలుగు రోజుల్లో ఉడకబెట్టాలి, పచ్చి కుప్ప ఎక్కువ రోజులుంటే లోపల వేడెక్కి చెడుతుంది. సంఘానివి ఆరు బాయిలర్లు, వాటి వంతులకు ఒక నోటుబుక్కు, ఆ నోటుబుక్కు మీద ఏటా తగాదా. "మాకు గూడ గిసొంటిది చెయ్యి బిడ్డా" అన్నాడు.

అవే ముక్కలతో మూడు వారాల్లో చేసింది. పెద్ద ఫోన్లు లేనివాళ్ల కోసం సంఘం షెడ్డులో స్టూలు మీద ఒక ఫోన్ పెట్టారు. వంతుకు ముందురోజు వచ్చి, తమ పేరు తెరిచి ఉన్న పేజీలో ఒకే ప్రశ్నకు జవాబివ్వాలి: రేపు బాయిలర్ పంపాలా? కుడివైపు 'పంపండి', ఎడమవైపు 'వద్దు'. రెండూ ఒకే నీలం రంగు, అట్లుంటే హుందాగా ఉంటుందని ఆమె అనుకుంది. చదువు రాని హన్మవ్వకు దగ్గరుండి నేర్పింది కూడా: "అవ్వా, నీ కుడిశెయ్యి బొటనేలు కిందిది ఒత్తు, సాలు."

ఆ ఫిబ్రవరిలో హన్మవ్వ ఎకరంన్నర పసుపు తవ్వించి, షెడ్డుకు పోయి ఒత్తి వచ్చింది. మర్నాడు బాయిలర్ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోనాడు ఆమె వచ్చి షెడ్డు ముందు కూర్చుంటే, బాయిలర్ నడిపే యాసిన్ తన సొంత పసుపు వంతు పక్కన పెట్టి పోయి ఉడకబెట్టాడు. అప్పటికే కుప్ప అడుగున రెండు గంపలు మెత్తబడనే పడ్డాయి.

ఆత్మారాం ఫోన్ చేశాడు. "అవ్వేమో పంపుమన్న అంటది. నీ దాంట్లనేమో వద్దు అని ఉన్నది. గురువారం సంఘపోళ్లం కూసుంటున్నం. మల్ల నోటుబుక్కే నయం అంటున్నరు."

ఏర్గట్ల పని చేజారితే మిగతా పసుపు ఊళ్ల నుంచి రావాల్సిన పని కూడా పోయినట్టే. అల్ఫియా గురువారం పొద్దున్నే బస్సెక్కింది. పక్క సీటు నాది. ఈ కథ సగం అక్కడే విన్నాను. నేను ఆర్మూర్‌లో దిగాల్సినవాణ్ని. దిగలేదు.

షెడ్డులో పదకొండుమంది. హన్మవ్వ స్టూలు పక్కనే నిలబడి ఉంది.

"నా ఏలు గీడనే ఒత్తింది," అని చూపించింది. ఒత్తింది. 'పంపండి' అనే పడింది. మళ్లీ ఒత్తమన్నారు. మళ్లీ అదే.

"సూసినవా, మంచిగనే ఉన్నది," అన్నాడొకాయన. "ముసలిది ఆ దినం ఏదో ఒత్తుంటది."

"ముసలిది నీ పెండ్లికి బువ్వ వండింది, మర్శిపోయినవా?" అంది హన్మవ్వ.

అల్ఫియా నవ్వలేదు. ఆమె హన్మవ్వ కళ్లను చూస్తోంది. అవ్వ రెండుసార్లు ఒత్తింది, రెండుసార్లూ ఫోన్ వైపు చూడలేదు. అప్పుడే యాసిన్ వచ్చి, రేపటి జాబితా చూసుకుందామని, అలవాటుగా పేజీని ఉర్దూలోకి మార్చాడు. బటన్లు రెండూ జాగాలు మార్చుకున్నాయి.

"యాసిన్ అన్నా, సూసినంక మల్ల తెలుగు పెడ్తవా?"

యాసిన్ గడ్డం గోక్కున్నాడు. "ఒక్కోపారి మర్శిపోత."

"తప్పు అవ్వది గాదు," అంది అల్ఫియా. "యాసిన్ అన్నది గాదు, ముక్కలు చేసినోళ్లది గూడ గాదు. నేను బిగించిన, ఈడికొచ్చి సూడలే."

"నెల పడ్తదా?" అన్నాడు ఆత్మారాం.

"మార్చాల్సింది ఒక్క ముక్కనే. మీరు చాయ్ తెప్పియ్యుండ్రి."

షెడ్డు మూలనున్న మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. లైబ్రరీ పెట్టెను తీసి పారెయ్యలేదు, దానికి తన తొడుగు ఒకటి తొడిగింది. 'పంపండి' ఏ భాషలోనైనా కుడివైపు కిందనే, ఆకుపచ్చగా, బాయిలర్ బొమ్మతో. 'వద్దు' ఎర్రగా, పైన దూరంగా.

"ఉర్దూల కుడిదిక్కు ఉంటే నీకు ఇబ్బందా?" అని యాసిన్‌ను అడిగింది.

"సదివెటోనికి యాడుంటే ఏంది," అన్నాడు యాసిన్. "సదవనోళ్లకే జాగ కావాలె."

నేను చాలా పుస్తకాలు చదివాను. ఈ మాట వాటిలో ఎక్కడా దొరకలేదు.

తొడుగు తొడిగింది ఒకచోట, మారింది సంఘం పేజీలన్నిటిలో, బాయిలర్ బొమ్మ తప్ప దవాఖాన పేజీల్లో కూడా. యాసిన్ చప్పుడు చెయ్యకుండా ఫోన్‌ను ఉర్దూలో పెట్టి, హన్మవ్వ పేరు తెరిచి ఆమెను పిలిచాడు. ఆమె ఇందాకటాయన పెండ్లి సంగతే ఇంకా చెప్తూ, చూడకుండానే బొటనవేలు ఆనించింది. యాసిన్ జాబితాలో ఆమె పేరు ఆకుపచ్చగా వచ్చింది. పదకొండుమందీ వంగి చూశారు.

"రేపు నిజంగ పంపుతరా ఏంది," అంది హన్మవ్వ. "నా పసుపు ఉడికి ఎండుతున్నది."

"అయితే వద్దు అని ఒత్తు అవ్వా, గదీ సూడాలె. ఎర్రది."

హన్మవ్వ ఫోన్ చేతికి తీసుకుంది, కళ్లు చిట్లించింది, పైన మూలన దొరికింది.

"గంత దూరం పెట్టినవేంది బిడ్డా?"

"గందుకే అవ్వా."

ఆత్మారాం సంచిలోంచి నోటుబుక్కు తీసి నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న స్టూలు కాలు కిందికి దోపాడు.