ఎడమవైపు కొక్కెం

వీపు మీద తనంత సంచీతో ఆ పిల్ల లాండ్రీలోకి వచ్చేసరికి ఇస్త్రీ అక్కకు ఎనిమిదో నెల. "పనేమైనా ఉందాండీ?" అని అడిగి, ఎవరూ ఏమీ అనకముందే, "నాలుగు నెలలే ఉంటాను. తర్వాత వేరే దేశం వెళ్ళిపోతాను" అని చెప్పేసింది. పని చేసుకుంటూ దేశాలు తిరగడానికి వీసా అయితే తెచ్చుకుంది గానీ, అవసరానికో అబద్ధం ఆడే తెలివి మాత్రం తెచ్చుకోలేదు. హోటళ్ళూ కొట్లూ కాళ్ళరిగేలా తిరిగిందట. వెళ్ళిపోయేదానికి పని నేర్పి మాకేం లాభమని అందరూ ముఖం మీదే చెప్పారట. ఇక్కడా కాదంటే ఇంటిదారి పట్టాల్సిందే.

లాండ్రీ ఓనరమ్మ కూడా తల అడ్డంగా ఊపబోయింది. ఇస్త్రీ అక్క అడ్డుపడింది.

"ఈ పిల్లనే పెట్టుకోండమ్మా, నేను కాన్పయి వచ్చేదాకా."

అక్క లెక్క అక్కది. పదేళ్ళుగా ఆ బల్ల దగ్గర నిలబడి లాడ్జీల దుప్పట్లు, దిండు గలీబులు ఇస్త్రీ చేస్తోంది. మొగుడి లారీ పని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఇల్లు గడిచేది ఈ బల్ల మీదే. ఊళ్ళో మనిషి ఎవరైనా తన చోట్లో కుదురుకుంటే మళ్ళీ కదులుతుందా? ఊరంతా వద్దన్న గుణమే అక్కకు ముద్దొచ్చింది.

అక్కది ఎడమచేతివాటం. ఇస్త్రీపెట్టె తీగ పైనుంచి ఎడమవైపు కొక్కేనికే వేలాడుతుంది. పిల్లది కుడిచెయ్యి. మొదటిరోజు తీగ మోచేతికి చుట్టుకుని, దుప్పటి మీద పడి, మడతలన్నీ చెరిపేసి నానా తంటాలు పెట్టింది.

"ఇది దుప్పటా, మసిగుడ్డా?" అని అక్క నవ్వింది.

పిల్ల కూడా నవ్వేసి, విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. విసుగన్నది ఆ ఒంట్లో లేదు. రాత్రి ఏ లాడ్జీలో పడుకునేదో ఆ లాడ్జీ దుప్పట్లే పగలు ఇస్త్రీ చేసేది. అక్క పురిటికి వెళ్ళేనాటికి చెయ్యి తిరిగింది. అలాంటి పిల్లను మెచ్చుకోకుండా ఎలా ఉంటాం?

ఓనరమ్మా అదే చేసింది. అక్కకు పాప పుట్టిందని చూడడానికి వచ్చి, పాపను చూసింది తక్కువ, సంచీ పిల్లను పొగిడింది ఎక్కువ. "బంగారమనుకో. ఇక్కడే ఉండిపొమ్మని అడుగుతున్నా" అంది.

తన చోటు పోతుందని అక్కకు భయం పట్టుకుంది. తన నోటితోనే కదా ఆ పిల్లను పెట్టించింది! ఆ తర్వాత తిన్నది ఒంటబట్టలేదు. అనుకున్నదానికంటే ముందే పాపను తన తల్లికి అప్పగించి, అనాల్సిన నాలుగు మాటలూ దారంతా కూడబలుక్కుంటూ లాండ్రీకి నడిచింది.

తీగ ఎడమవైపే వేలాడుతోంది. పిల్ల కుడిచేత్తో ఇస్త్రీ చేస్తూ, ప్రతి మడతకీ ఆ తీగను మోచేత్తో పక్కకు నెట్టుకుంటోంది. అది ఒరుసుకుని ఒరుసుకుని మోచెయ్యి నల్లగా కమిలిపోయింది.

కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటీ అక్క నోటికి రాలేదు. "ఇన్నాళ్ళూ ఇలాగే చేశావా? కొక్కెం మార్చుకోకూడదటే?"

ఓనరమ్మ అందుకుంది. "కుడివైపు కొట్టిస్తానంటే వద్దంది. ఉండిపొమ్మన్నా వద్దంది. ఏం మనిషో!"

"ఇది అక్క బల్ల కదండీ" అంది పిల్ల, ఇందులో అడగడానికేముందన్నట్టు. "నువ్వు వచ్చేశావు కాబట్టి రేపు బస్సెక్కేస్తానక్కా."

అక్కకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ పిల్లంటే ప్రేమ ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని ఇస్త్రీపెట్టె ఎడమచేతిలోకి తీసుకుంది.

"నీ సంచీలో బట్టలన్నీ ఇలా తియ్యి."

"మళ్ళీ నలిగిపోతాయక్కా."

"నలిగితే నలగనీ. ఈ చొక్కా మాత్రం అన్నిటికంటే పైన పెడుతున్నా. వచ్చే ఊళ్ళో పని అడగడానికి ఇది వేసుకెళ్ళు." అక్క ఆ చొక్కా కాలరు మీద ఇంకోసారి పెట్టె నడిపింది. "ఎన్నాళ్ళుంటావో మాత్రం అక్కడా ముందే చెప్పు."