శంకరప్ప కాళ్లనొప్పులు

మా శంకరప్పకు కనిపించిన చోటల్లా కూర్చునే జబ్బు. గడప, కల్వర్టు, మైలురాయి, ఎవరింటి అరుగైనా సరే. భుజం మీది తువ్వాలుతో దుమ్ము దులిపి, “అమ్మయ్యా, కాళ్లు లాగతాండాయి” అంటూ చతికిలబడేవాడు.

డెబ్బై ఎనిమిదిలో, పుంగనూరులోని మా బడికి ఆయన అటెండరు, నేను కొత్త అయ్యవారిని. పోలియో వచ్చిన అంకమ్మను ఇంటినుంచి తీసుకొచ్చి, సాయంత్రం దిగబెట్టే పని ఆయనది. ఏడో తరగతి పిల్ల. చంకలో కర్ర, ముక్కు మీద కోపం. “ఎత్తుకోనా?” అని ఎవరైనా అంటే ఆ కర్ర పైకి లేచేది. అలాంటి పిల్లకు తోడుగా నాలుగడుగులకోసారి కూలబడే మనిషిని వేశారే అని నా బాధ.

ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు కూడా, అంకమ్మను తీసుకొస్తూ వరండా మధ్యలో కూర్చున్నాడు.

“యాల ఈడ కూసున్నావప్పా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“కాళ్లు సామీ. మీరూ కూసోండి, సల్లగా ఉండాది.”

ఇన్‌స్పెక్టరు నిజంగానే కూర్చున్నాడు. అంకమ్మ ఆయన పక్కన. చేతులు కట్టుకుని నిలబడిపోయింది నేనొక్కణ్ణే.

ఇక లాభం లేదని వైద్యుడి అవతారం ఎత్తాను. ఉలవచారు తాగమన్నాను. మదనపల్లె నుంచి నొప్పుల తైలం తెప్పించి ఇచ్చాను. మర్నాటినుంచి ఆ తైలం ఘాటు అంకమ్మ దగ్గర గుప్పుమనేది. పాపం, తెలియక తలకు రాసుకుంటోందేమోనని, తలనూనెల మీద క్లాసంతటికీ ఒక పాఠం చెప్పాను.

ఏడో తరగతి పరీక్ష మదనపల్లెలో పడింది. బస్సు ఆలస్యంగా చేరింది. పరీక్ష బడికి ఎక్కుడుదారి. గంట కొట్టాక లోపలికి రానివ్వరు. మిగతా పిల్లలు పరుగెత్తారు. మేం ముగ్గురం మిగిలాం.

“తాతా, నా అట్ట! బస్సులో మర్సిపోతి! హాల్‌టికెట్టు దానికే ఉండాది!” అంది అంకమ్మ.

బస్సు అప్పుడే మలుపు తిరుగుతోంది. శంకరప్ప పంచె ఎగ్గట్టాడు. అంతే, దుమ్ము మాత్రమే కనిపించింది. బస్సును ఆపించి, అట్ట పట్టుకుని వచ్చాడు. ఒక్క రొప్పు లేదు! వచ్చీరాగానే తువ్వాలు తీశాడు.

“దొరికావయ్యా శంకరప్పా! కూర్చున్నావంటే ఊరుకోను. నడువు!”

ఆయన నావైపు జాలిగా చూసి, తువ్వాలు భుజాన వేసుకుని నడిచాడు. కొంతదూరం పోయాక అంకమ్మ పెదవి పళ్ల కింద బిగిసింది. కర్ర వణుకుతోంది. నోరు తెరిచి ‘ఆగుదాం’ అనే పిల్ల కాదు. శంకరప్ప ఆమెను చూస్తాడు, నన్ను చూస్తాడు, కూర్చోడు.

బీయే చదివిన నా బుర్ర అప్పటికి వెలిగింది. రోడ్డుపక్క దిమ్మె మీద దబ్బున కూలబడ్డాను.

“అమ్మయ్యా! నా వల్ల కాదు, కాళ్లు లాగుతున్నాయి!”

అంకమ్మ కూడా కూర్చుని, తల కొట్టుకుంది. “సార్‌కీ అంటుకునె. మీ ఇద్దరితో యాగలేను తాతా!”

అలా కూర్చుంటూ లేస్తూ పోయాం. అంకమ్మ గడప దాటాకే గంట మోగింది. నేను గోడకు జారగిలబడి కొలిమితిత్తిలా రొప్పుతున్నాను. అందులో నటన ఏమీ లేదు.

శంకరప్ప నన్ను ఎగాదిగా చూశాడు. సంచిలోంచి సీసా తీశాడు.

“మీ తైలమే సామీ. పాప కాళ్లకు రాయంగా రవ్వంత మిగిలుండాది. పూసుకోండి.”