తెరచాప తాడు కట్టమాకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాటలు తక్కువ. అమ్మ పోయాక ఉన్న ఆ నాలుగు మాటలూ పోయాయి. మా నాన్న ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. బడిలో ఎక్కాలు చెప్పి చెప్పి అలిసిపోయేవాడేమో, ఇంటికొస్తే నోరు విప్పేవాడు కాదు. వంటకని వచ్చిన మా మేనత్త మాతోనే ఉండిపోయింది. ఆవిడ నాన్న వాటా కూడా కలిపి మాట్లాడేది, కాకపోతే ఎక్కువగా గేదెలతో.

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్ళే దారిలో మాది మెట్ట ఊరు. కృష్ణ దగ్గర్లోనే ఉన్నా మాకు దానితో పెద్దగా పని ఉండేది కాదు. మా చేతులకి తెలిసినవి మిరపచేలు, పశువులు. అలాంటి ఇంట్లో ఓ ఏడు, క్రిస్మస్ అయిన కొత్తల్లో, మా నాన్న పడవ కొన్నాడు. రేవులో చేపలు పట్టే ఒకాయన తన పాత పడవ అమ్మేస్తుంటే తీసుకున్నాడట. ఇద్దరు కూర్చుంటే నిండిపోయే పడవ.

"పిల్లకి పోగులు చేయించరా అంటే పడవ కొన్నావా? దాన్ని ఎక్కడ కడతావు, గేదెల పక్కనా?" అని మా అత్త చాలా రోజులు దులిపేసింది. అంత దులిపినా తెరచాప కుట్టిపెట్టింది ఆవిడే. నాన్న చెప్పిన జవాబు ఒక్కటే. "పిల్లకి నేర్పుదామని."

ఎందుకు నేర్పాలో నాకు తెలియలేదు. అప్పట్లో నాకు తెలిసిందల్లా నాన్న చొక్కా అంచు. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళిన పూట నేను పక్కింట్లో ఆడుకుంటున్నాను. మళ్ళీ ఆమె గొంతు వినలేదు. అప్పటినుంచి నాన్న గుమ్మం దాటితే వెనకే నేనూ దాటేదాన్ని. బడిలో ఆయన కుర్చీ పక్కనే కూర్చునేదాన్ని. చర్చిలో మగవాళ్ళ వైపు, ఆయన మోకాలికి ఆనుకుని కూర్చునేదాన్ని. ఆడవాళ్ళ వైపు నుంచి మా అత్త ఎన్ని సైగలు చేసినా కదిలేదాన్ని కాదు. నిద్రలో కూడా ఆయన చొక్కా నా పిడికిట్లోనే ఉండేదట. నాతో ఆడుకునే పిల్లలంటూ లేరు, నేనెవరినీ దగ్గరికి రానిచ్చిందీ లేదు.

ఆదివారం ఆరాధన అయ్యి, అన్నం తిని, ఎండ తగ్గాక మేమిద్దరం రేవుకి పోయేవాళ్ళం. నాన్న ట్రైనింగు చదివే రోజుల్లో బందరు వైపు పడవవాళ్ళ వెంట తిరిగి తెరచాప నడపడం నేర్చుకున్నాడట. ఆ సంగతి పడవ కొన్నాకే నాకు తెలిసింది. ఇంట్లో పెదవి విప్పని మనిషి పడవెక్కితే కాస్త మాట్లాడేవాడు. గాలి ఎటునుంచి వస్తోందో చెంపతో చూడమనేవాడు. చుక్కాని ఎటు తిప్పితే పడవ ఎటు పోతుందో చూపించేవాడు. అన్నిటికన్నా ఎక్కువగా చెప్పింది మాత్రం తెరచాప తాడు గురించే.

"పట్టుకో, కట్టమాకు" అనేవాడు. గాలి పెరిగితే ఆ తాడు కాస్త వదలాలి, తగ్గితే లాక్కోవాలి. అందుకని అది ఎప్పుడూ చేతిలోనే ఉండాలి. నేను తలూపేదాన్ని. నా చెయ్యి ఎలాగూ ఆయన చొక్కా మీద ఉండేది కాబట్టి తాడు సంగతి పెద్దగా పట్టించుకోలేదు.

వేసవికి కృష్ణ సన్నబడింది. రేవుకి ఎదురుగా ఇసుక తిన్నె బయటపడింది, దాని చుట్టూ నడుములోతు నీళ్ళు. ఒక ఆదివారం నాన్న పడవని ఆ తిన్నెకి చేర్చి, తను దిగి, నన్ను మాత్రం దిగొద్దన్నాడు. నేను చొక్కా వదల్లేదు. ఆయన గుండీలు తీసి, చొక్కా నా చేతిలోనే వదిలేసి, బనీనుతో నిలబడి పడవని నీళ్ళలోకి ఒక్క నెట్టు నెట్టాడు. తీరా చూసుకుంటే నా చేతిలో చొక్కా ఉంది, నాన్న లేడు.

ఏడుపు కూడా రాలేదు, అంత భయమేసింది. చుక్కాని రెండు చేతులతో పట్టుకోవాలనిపించింది. మరి తాడు జారిపోతే? మా ఇంట్లో జారిపోతుందనుకున్న దాన్ని కట్టేయడమే తెలుసు. గేదెని కట్టే ముడి నాకు కళ్ళు మూసుకున్నా వచ్చు. లాగిన కొద్దీ బిగిసే ముడి అది. పడవలో అడ్డచెక్కకి తెరచాప తాడుని ఆ ముడితోనే కట్టేశాను.

కాసేపు బాగానే పోయింది. అంతలో పైరగాలి గట్టిగా ఒక విసురు విసిరింది. పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. "తాడొదులు, తాడొదులు" అని నాన్న అరుస్తున్నాడు. వదలడానికి తాడు నా చేతిలో ఎక్కడుంది? ముడి మీద నా గోళ్ళు విరిగాయి. అది ఇంకా బిగుసుకుంది. పడవ నన్ను తీసుకెళ్ళి నీళ్ళలో పోసేసింది.

కాళ్ళకి ఇసుక తగిలింది. లేచి నిలబడితే నీళ్ళు నా రొమ్ము దాకా ఉన్నాయి. దగ్గుతూ నాన్న వైపు చూశాను. పరిగెత్తుకొస్తున్నవాడల్లా నేను నిలబడ్డం చూసి, మోకాలిలోతు నీళ్ళలో ఆగిపోయాడు. నేను చేతులు చాపాను. రాలేదు. ఈ లోకంలో నాకెవరూ లేరని ఆ నిమిషంలో అనిపించినంతగా, అమ్మని పాతిపెట్టిన రోజు కూడా అనిపించలేదు.

నేనే నడుచుకుంటూ వెళ్ళాను. ఇద్దరం కలిసి పడవని తిన్నె మీదికి లాగి నీళ్ళు తోడేశాం. తడిసిన ముడిని నాన్న తను ముట్టుకోకుండా నా చేతే విప్పించాడు. నేను దాంతో కుస్తీ పడుతుంటే నీళ్ళ వైపు చూస్తూ చెప్పాడు.

"జూన్లో నిన్ను నందిగామ హాస్టల్లో వెయ్యాలమ్మడూ. మనూళ్ళో ఐదుతో సరి. నిన్ను చదివించాలని మీ అమ్మ కోరిక. ఆడికి నేను రాలేను గదా. ఒక్కదానివే ఉండగలవా లేదా అని, అందుకే ఈ పడవ కొన్నా."

"నేను పోను" అన్నాను.

"పోవద్దులే. ముందు ఇంకోసారి ఎక్కు."

ఎక్కాను. కోపంతోనే ఎక్కాను. ఈసారి తాడు చేతిలో ఉంది. గాలి మళ్ళీ విసిరింది. అరచెయ్యి ఒరుసుకుపోతుంటే వేళ్ళు వాటంతటవే కాస్త సడలాయి. తెరచాప దండెం మీద చీరలా టపటపా కొట్టుకుంది, ఒరిగిన పడవ మళ్ళీ సర్దుకుంది. నేను తాడు లాక్కున్నాను. తిన్నె చుట్టూ తిరిగొస్తూ వెనక్కి చూస్తే నాన్న చిన్నగా కనిపించాడు, బనీనుతో, అంత ఇసుకలో ఒక్కడే. నాకే కాదు, ఆయనకీ ఎవరూ లేరని నాకు మొదటిసారి తట్టింది.

జూన్లో నందిగామ వెళ్ళాం. హాస్టలు వరండాలో కూర్చున్నంతసేపూ నా రెండు చేతులూ ట్రంకుపెట్టె మీదే పెట్టుకున్నాను, పొరపాటున కూడా చొక్కా పట్టుకోకూడదని. వార్డెనమ్మ పేరు పెట్టి పిలిచింది. లేచాను గానీ కదల్లేకపోయాను. నా మణికట్టు నాన్న చేతిలో ఉంది. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు, చెయ్యి మాత్రం వదలడం లేదు.

"నాన్నా, పేట బస్సు పోద్ది."

"పోద్దిలే" అన్నాడు.

వార్డెనమ్మ మళ్ళీ పిలిచింది. ఆయన వేళ్ళని నేనే ఒక్కొక్కటీ విడదీశాను.

ఆ తర్వాత నాన్న పోయాడు, అత్త పోయింది, మొన్నామధ్య మా ఆయనా పోయాడు. ఇప్పుడు జగ్గయ్యపేటలో ఒక్కదాన్నే ఉంటున్నాను. అలవాటైపోయిందని అడిగినవాళ్ళకి చెబుతాను గానీ, నిజానికి అవలేదు. కొన్ని సాయంత్రాలు ఇల్లు మరీ బోసిపోయినప్పుడు ఆ హాస్టలు వరండా గుర్తొస్తుంది. వదలడం ఎలాగో నాకు నేర్పిన మనిషికి నన్ను వదలడం చేతకాలేదు. అది తలుచుకుంటే ఒంటరిదాన్నే గానీ, అనాథనని మాత్రం అనిపించదు.