పదిహేడో పేరు దగ్గర బిగుసుకుపోయిన కంప్యూటర్

చెంగమ్మ వంతును మా ఊరి పెద్దలు కొట్టేశారు. ఆమె పేరు లేని జాబితా టైపు చేయమని నాకే పురమాయించారు. నేను సరే అన్నాను. తప్పు వాళ్లది ఎంతో నాదీ అంతే.

దీన్ని దయ్యం కథ అంటే నాకు ఒళ్లు మండుతుంది. నలభై ఏళ్లు పులికాట్ సరస్సులో పడవ తోసినవాణ్ణి. ఏ దయ్యమూ నాకు ఎదురుపడలేదు. చదువు ఐదో తరగతితో ఆగినా, అరవై దాటాక తెలుగు టైపింగు సొంతంగా నేర్చుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా దగ్గర రొయ్య బాగా పడే చోట్లు కొన్నే. అక్కడ ఏ రోజు ఏ ఇంటివాళ్లు వల కట్టాలో ఏటా చీట్లు వేసి తేలుస్తాం. దాన్ని పాడు అంటాం. జాబితాలో పేరున్న ఇంటికే చీటీ. మగమనిషి పోతే అతని భార్య తన వంతుకు కూలిమనిషిని పంపుకోవచ్చు. తాతల నాటి కట్టు అది. నా పడవలో పాతికేళ్లు తోడున్న పోలయ్య రెండేళ్ల కిందట జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి పదిహేడో వరుసలో అతని భార్య చెంగమ్మ పేరు వేస్తున్నాను. ఆమెకు వేరే ఆధారం లేదు.

ఈ ఏడు ఊరి పెద్ద శీనయ్య, "మగదిక్కు లేని ఇంటికి నీళ్లల్లో వంతేంది మామా, తీసెయ్" అన్నాడు.

నా కంప్యూటర్ సూళ్లూరుపేటలో సెకండ్ హ్యాండుకు కొన్న ముసలిది. అది లేచేలోపు టీ తాగి రావచ్చు. దాని నత్తనడక నాకు అలవాటే. కానీ ఆ పొద్దున చెంగమ్మ పేరు తీసి సేవ్ నొక్కగానే తెర బిగుసుకుపోయింది. మౌస్ బాణం కదలలేదు. వైరు పీకి మళ్లీ పెడితే ఆమె పేరు అలాగే ఉంది. ఇలా ఐదుసార్లు.

మూత విప్పాను. ఉప్పుగాలికి పట్టిన చిలుమును రంగుల బ్రష్షుతో దులిపాను. ర్యామ్ ఊడదీసి రబ్బరుతో రుద్దాను. పనికిరాని ఫైళ్లన్నీ తీసేశాను. వైరస్ ఉందేమోనని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వెతికించాను. నేను టైపు చేసే ఉత్తరాలన్నీ చక్కగా సేవ్ అవుతున్నాయి. ఆ జాబితా ఒక్కటే కావడం లేదు.

పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో సూళ్లూరుపేట పోయాను. మెకానిక్ నవ్వాడు. "దీన్ని మ్యూజియంలో పెట్టాల పెద్దాయనా, నా కాడికి తెస్తే ఎట్టా?" అన్నాడు. అయినా అన్నీ పరీక్షించి, హార్డ్ డిస్కులో లోపం లేదని తేల్చాడు.

ఇంటికొచ్చి కొత్త ఫైలు తెరిచాను. చెంగమ్మను వదిలేసి, కొత్తగా పెళ్లయిన రెండిళ్లవాళ్లను కలిపి, మొదటి నుంచి టైపు చేశాను. చివరి పేరు దగ్గర మళ్లీ బిగుసుకుంది. మిషను ఆపి మళ్లీ వేశాను. ఫైలు దానంతటదే తెరుచుకుంది. పదిహేడో వరుసలో పోలయ్య పేరు ఉంది.

రెండేళ్లుగా నేను ఆ పేరు టైపు చేయలేదు. ఆ మిషనును నేను తప్ప ముట్టేవాళ్లు లేరు. మెకానిక్‌కు ఫోన్ చేస్తే "పాత ఫైలు పైకొచ్చుంటది" అన్నాడు. పాతదైతే ఈ ఏడు కొత్తగా పెళ్లయినవాళ్ల పేర్లు అందులో ఎలా ఉన్నాయని అడిగాను. "నాకు తెలీదు పెద్దాయనా" అన్నాడు.

నాకూ తెలియదు. ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఇక ఆలోచించే ఓపిక కూడా లేదు. ఈ పాపం నేను టైపు చేయనని, కట్టు తప్పింది మీరేనని శీనయ్యకు మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి నిన్న జవాబొచ్చింది:

"మామా, నువ్వు చెయ్యకుంటే మేమే చేత్తో రాసుకుందామని కూచున్నాం. పదహారు పేర్లు బాగానే రాసినాం. పదిహేడో పేరు కాడ నలుగురం పెన్ను మార్చుకున్నాం, ఒక్కడికీ చెయ్యి ఆడలా. చెంగమ్మక్క పేరు రాసినాకే కింది పేర్లు సాగినాయి. చీట్లల్లో ఆమెదీ ఉంటది. ఎందుకని మాత్రం నన్నడగబాక."