మిరియమంత, శనగగింజంత

కరోనా తగ్గి యూనివర్సిటీ హాస్టళ్లు మళ్లీ తెరిచిన ఏడాది అది. తార్నాకలో ఒక చిన్న చర్మవ్యాధుల క్లినిక్‌లో మెడికల్ కోడింగ్ చేసేదాన్ని. డాక్టరు గదిలోనే ఓ మూల కూర్చుని, రోగి వివరాలు కంప్యూటర్లో ఎక్కించి, జబ్బుకు తగిన కోడ్ వేయడం నా పని. చర్మం మీద మచ్చ, గడ్డ, పుండు ఏదొచ్చినా మేము లీజన్ అంటాం. అది ఎక్కడుందో, ఎంతుందో రాయందే పేజీ సేవ్ కాదు. క్లినిక్‌లో అందరికంటే వేగం నాదే. ఆ పొగరు కూడా ఉండేది.

యాదమ్మ క్యాంపస్‌లో ఒక హాస్టల్ మెస్‌లో వంట చేసేది. ఇల్లు లాలాపేట్. కుడి అరికాల్లో నల్లమచ్చ చూపించింది. స్కేలు పెట్టి కొలిచాను, ఐదు మిల్లీమీటర్లు. డాక్టరుగారు మామూలు పుట్టుమచ్చే అన్నారు. దాని కోడ్ డి-22 వేశాను. పెరుగుతుందేమో చూద్దాం, మూడు నెలలకు రమ్మన్నారు.

చెప్పినట్టే వచ్చింది. బయట బెంచీలన్నీ నిండి ఉన్నాయి.

"బిడ్డా, అప్పుడు మిరియమంత ఉండె. ఇప్పుడు శనగగింజంత అయింది," అంది చెప్పు విప్పుతూ.

"సరే అమ్మా, డాక్టరుగారు చూస్తరు, కూర్చో," అన్నాను.

స్కేలు సొరుగులోనే ఉంది. తీయడానికి బద్ధకించాను. పాత కొలతను కొత్త పేజీలోకి దించే బటన్ ఒకటుంటుంది, కాపీ ఫార్వర్డ్ అంటాం. అది నొక్కేశాను. మళ్లీ ఐదే పడింది.

ఆ రోజు డ్యూటీలో ఉన్నది వేరే డాక్టరు. లోపలికొచ్చి కాలు చూసి, తెర చూసి, "ఏం పెరగలేదు కదమ్మా, భయపడకు," అన్నారు.

"కంప్యూటర్ల గట్లనే ఉన్నదా సారూ? అయితే నాకే అట్ల అనిపిస్తున్నదేమో," అని యాదమ్మ చెప్పు తొడుక్కుంది. నేను తర్వాతి రోగి పేజీ తెరిచాను.

ఏడు నెలల తర్వాత కుంటుకుంటూ వచ్చింది. ఏం పెరగలేదని చెప్పి పంపాక అంతకంటే ముందు ఎందుకొస్తుంది! "చిక్కుడు గింజంత అయింది బిడ్డా. నెత్తురొస్తున్నది." ఈసారి కొలిచాను. పదమూడు.

ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది. డి-22 చెరిపి దాని కోడ్ సి-43 వేయడానికి క్షణం కూడా పట్టలేదు. పెద్దాసుపత్రిలో ఆమె పాదం ముందు భాగం తీసేశారు. ప్రాణం దక్కింది. పొయ్యి ముందు నిలబడే పని మాత్రం పోయింది.

ఫైలు చూసి నన్ను ఎవరూ తప్పుపట్టలేదు. నేనే డాక్టర్లిద్దరికీ చెప్పాను, తిట్లు తిన్నాను. యాదమ్మకు చెప్పడానికే ధైర్యం చాల్లేదు. చివరికి ఆమె చెకప్‌కు వచ్చినప్పుడు బెంచీ మీద పక్కన కూర్చుని చెప్పేశాను.

"అమ్మా, ఆ రోజు నేను కొలవలే. పాతదే ఎక్కించిన."

యాదమ్మ తన కాలికేసి చూసుకుంది.

"నేను కొలిచే చెప్పిన గద బిడ్డా," అంది. "మెస్‌ల నానబెట్టని శనగగింజ తెచ్చి, మచ్చ పక్కన పెట్టి చూసుకొనే వచ్చిన."



ఇప్పుడు ఆ బటన్ జోలికి పోను. రోగి ఆవగింజ అన్నా, అర్ధరూపాయి బిళ్ల అన్నా ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి, పక్కన నా కొలత వేస్తాను. అయినా ఆ పాత పేజీలో ఐదు అలాగే ఉంది. ఆ రోజు ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. మచ్చను కొలిచింది యాదమ్మ ఒక్కతే.