మా అత్త పట్టిన పథ్యం

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన మాకు మిఠాయి దుకాణం ఉండేది. 1950ల చివర్లో నేను కాపురానికి వచ్చేనాటికి బాణలి ముందు మా అత్తే కూర్చునేది. లడ్డూకు మంచి రంగు రావాలని డబ్బాలోంచి పసుపు రంగు పొడి చిటికెడు వేసేది. అప్పుడు అందరూ వేసేవాళ్లే. రంగు లేని లడ్డూను లారీల వాళ్లు కన్నెత్తి చూసేవారు కాదు.

మధ్యాహ్నం ఆమె అన్నం ముట్టేది కాదు. విరిగిన బూందీ గుప్పెడు నోట్లో వేసుకుని చాయ్ తాగితే ఆమె భోజనం అయినట్టే. ఇంటి బర్రె పాలన్నీ కోవాకే పోయేవి. ఆమె నోటి మూలలు పగిలి, నాలుక పుండులా ఉండేది. వేడి చేసిందని ధనియాల నీళ్లు తాగి ఊరుకునేది. మొండి మనిషి. నేనూ తక్కువేం కాదు.

కొన్నేళ్లకు కుడి డొక్కలో బరువుగా ఉందన్నది. కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లకు పసరు పోసే ముసలాయన వచ్చి పాలు, పెరుగు, గుడ్లు, పప్పు, ఆకుకూరలు అన్నీ మాన్పించి ఉప్పు గంజి మాత్రమే పోయమన్నాడు. పథ్యానికి కాపలా నేను.

"జర పెరుగు పెట్టు బిడ్డా, నోరంత చేదైంది" అని ఒకనాడు బతిమాలింది.

"పథ్యం తప్పితే పానం పోతది అత్తమ్మా" అని గిన్నె లోపల పెట్టేశాను. ఆమె మీద నా మాట నెగ్గినందుకు కాస్త గర్వపడ్డాను కూడా.

నలభై రోజులైనా తగ్గకపోతే దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు డొక్క నొక్కి చూసి, కాలేయంలో గడ్డ ఉందన్నాడు. దుకాణం సంగతి, తిండి సంగతి అడిగితే, లడ్డూలో వేసే రంగు పొడి గురించీ చెప్పాను.

"గసోంటి రంగు లోపలికి పోతే దాన్ని విరగ్గొట్టి బయటికి పంపేది కార్జమే. ఆ పనికి దానికి విటమిన్లు కావాలె. పాలల్ల, గుడ్లల్ల, ఆకుకూరల్ల ఉంటయి. అవి లేకుంటే రంగు కార్జంలనే నిలుస్తది, గడ్డలు లేస్తయి. ఎలుకల మీద చూసిన్రు. ఈమెకు అందుకే వచ్చిందని నేను చెప్పలేను. పథ్యం మాత్రం ఇయ్యాల్నే బంద్ చెయ్యున్రి."

నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. ఆ సాయంత్రం పాలు కోవాకు పోనివ్వకుండా గ్లాసులో పోసి ఆమె దగ్గరికి తీసుకుపోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"డాక్టరు తాగమన్నడు గద అత్తమ్మా."

"ఆయనకేం ఎరుక? తప్పితే పానం పోతదని నువ్వే చెప్తివి."

రెండు నెలలు రోజూ బతిమాలాను. పోయేదాకా తాగలేదు. అన్నేళ్లలో ఆమె నా మాట విన్నది అదొక్కసారే.